రెండు చేతులకీ టేపు పట్టిందెవరు?

ఓ చిన్న పని చేయండి. ఫోన్ ఒక్క నిమిషం పక్కన పెట్టి, రెండు చేతులూ ముందుకి చాచి, అరచేతులు కలపండి. వేళ్ల చివర్లు దాదాపు ఒకేచోట ఆగాయి కదా? అమ్మ కడుపులో చిన్న మొగ్గల్లా మొదలైన ఈ రెండు చేతులూ పదహారు, పద్దెనిమిదేళ్లు ఎవరి దారిన అవి పెరిగాయి. ఎడమ చెయ్యి ఎంత పెరిగిందో కుడి చేతికి చెప్పడానికి మధ్యలో స్కేలేమీ లేదు. అయినా తేడా చాలా కొంచెమే. మరి టేపు పట్టి కొలిచిందెవరు?

ఈ డౌట్ మనకే కాదు, వందేళ్ల కిందటే శాస్త్రవేత్తలకీ వచ్చింది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రాస్ హారిసన్ అనే ఆయన సాలమాండర్లతో ఓ ప్రయోగం చేశాడు. ఇవి చూడ్డానికి బల్లుల్లా ఉంటాయి గానీ కప్పలకి చుట్టాలు. పెద్దగా పెరిగే జాతి పిల్ల నుంచి కాలు మొగ్గని తీసి, చిన్న జాతి పిల్లకి అతికించాడు. కొత్త ఇంటికి తగ్గట్టు కాలు చిన్నగానే పెరుగుతుందనుకుంటాం కదా? అలా జరగలేదు. చిన్న ఒంటికి పెద్ద కాలే వచ్చింది! 1924లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. అంటే ఎంత పెరగాలన్న లెక్క చాలావరకు ఆ కాలులోనే ఉందన్నమాట. రెండు చేతులూ ఒకే లెక్కతో బయల్దేరాయి కాబట్టి ఒకేచోట ఆగాయి.

అయితే అన్ని అవయవాలూ ఇలాగే ఉంటాయా? ఉండవు. 1960ల్లో ఆస్ట్రేలియాలో డోనాల్డ్ మెట్‌కాఫ్ ఎలుకల్లో దీన్ని పరీక్షించాడు. ఒకే ఎలుకలో చాలా థైమస్ గ్రంథులు పెడితే, ఒక్కోటీ దాని పూర్తి సైజుకి పెరిగింది. పక్కన ఎంతమంది ఉన్నారో దానికి అనవసరం. అదే ప్లీహాలు పెడితే ఒక్కోటీ చిన్నగానే ఆగింది. అన్నీ కలిపి తూస్తే సుమారుగా ఒక్క ప్లీహం బరువు! పంక్తిలో కూర్చున్నవాళ్లు ఉన్న అన్నాన్నే సర్దుకుని తిన్నట్టు.

మన లివర్‌దీ ఈ సర్దుకుపోయే రకమే. అందుకే బతికున్న మనిషి తన లివర్‌లో కొంత కోసి ఇవ్వగలుగుతున్నాడు. నాన్నకి కొడుకో, బిడ్డకి తల్లో ఇస్తారు. కోసిన ముక్క మళ్లీ మొలకెత్తదు. మిగిలిన భాగమే ఉబ్బి, కొన్ని నెలల్లో ఒంటికి కావాల్సినంత దగ్గరికి చేరుతుంది. ఇచ్చినవాళ్లలోనూ, పుచ్చుకున్నవాళ్లలోనూ ఇదే జరుగుతుంది. ఇక్కడ అసలు వింత పెరగడం కాదు, సరిగ్గా సరిపోయాక ఆగడం.

ఆ ఆపే బ్రేకు ఏంటి? జవాబులో ఓ పెద్ద ముక్క ఈగల్లో దొరికింది. మాగిన అరటిపండ్ల మీద ముసిరే బుల్లి ఈగలున్నాయే, వాటిలో ఒక జన్యువు చెడిపోతే తల ఉబ్బి, ముడతలు పడి నీటిగుర్రంలా తయారైంది. అందుకే 2003లో ఆ జన్యువుకి హిప్పో అని పేరు పెట్టారు. హిప్పో పని చేస్తున్నంతసేపూ కణాలకి ‘ఇక చాలు’ అనే మాట అందుతుంది. అది లేకపోతే కణాలు విభజన ఆపవు, చావాల్సినవి చావవు.

ఇదే బ్రేకు మనలోనూ ఉంది. అది అణచిపెట్టే ప్రొటీన్ పేరు యాప్. మన ఫోన్‌లో యాప్ కాదండోయ్! 2007లో ఎలుకల లివర్‌లో ఈ యాప్‌ని అతిగా పని చేయిస్తే, ఒంటి బరువులో 5 శాతం ఉండాల్సిన లివర్ కొద్ది వారాల్లో 25 శాతానికి చేరింది. స్విచ్ ఆపేస్తే మళ్లీ తగ్గింది. ఆపకుండా వదిలేస్తే మాత్రం కణితులు వచ్చాయి. ఆగడం మర్చిపోయిన పెరుగుదలకే మనం పెట్టుకున్న పేరు క్యాన్సర్.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్నకి వద్దాం. ‘నాకు 21 ఏళ్లు. హైట్ పెరగాలంటే ఏ పౌడర్ వాడాలి?’

ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి పొర ఉంటుంది. ఎత్తు పెరిగేది అక్కడే. యుక్తవయసులో ఈస్ట్రోజెన్ ఆ పొరని మెల్లగా ఎముకగా మార్చి మూసేస్తుంది. అది ఆడవాళ్ల హార్మోనే కదా అనుకోకండి, మగపిల్లల్లోనూ ఈ పని దానిదే. 1994లో డాక్టర్లు ఒకతని గురించి రాశారు. వయసు 28, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు! ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉంది గానీ, దాని మాట అతని కణాలకి వినపడదు. అందుకే ఎముకల వయసు 15 దగ్గరే ఉండిపోయింది.

మామూలుగా అమ్మాయిలకి 14-16, అబ్బాయిలకి 16-18 ఏళ్ల ప్రాంతంలో ఆ గేటు పడిపోతుంది. పడ్డాక ఏ పౌడరూ, ఏ మాత్రా, ఏ వేలాడే కసరత్తూ దాన్ని తెరవలేవు. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి, అవైనా ఓ అంగుళం ఇస్తాయి.

కానీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే ఓ కన్నేసి ఉంచండి. ఐదేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి 4-5 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే, ‘మన వంశమే పొట్టి’ అని సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి. మణికట్టు ఎక్స్‌రే తీసి గేటు ఎంత తెరిచి ఉందో చూస్తారు. థైరాయిడో, గ్రోత్ హార్మోనో తక్కువైతే మందుంది. అయితే ఆ మందు పనిచేసేది గేటు మూసుకునేలోపే. అందుకే ఈ రాత్రే గోడ మీద పెన్సిల్‌తో ఓ గీత గీసి, పక్కన తేదీ వేయండి.