స్కోరెంత అని అడిగే ముందు

మొన్న ఆదివారం రాత్రి వంటిల్లు సర్దుకుని పడుకోబోతుంటే అమెరికా నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. "అక్కా, జీఆర్ఈ క్వాంట్‌లో 149 వచ్చింది. ఇంక నా పీహెచ్‌డీ ముచ్చట తీరిపోయినట్టే" అంది. ఏడుపు దిగమింగుకుంటున్న సంగతి గొంతులోనే తెలిసిపోతోంది. పక్కనుంచి మా మరిది, "నాకు ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు 165 వచ్చింది వదినా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆయన చదివింది కంప్యూటర్లు. ఈవిడ చదవాలనుకుంటున్నది ఎడ్యుకేషన్. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి తొమ్మిదేళ్ళు గుంటూరు దగ్గర బళ్ళో సోషల్ చెప్పింది. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంకి మారగానే, నిన్నటిదాకా గలగలా మాట్లాడిన పిల్లలు క్లాసులో ఎందుకు మూగబోతారన్నది ఆవిడ ప్రశ్న. ఆ ప్రశ్న గురించి ఇంట్లో ఒక్కరైనా అడిగారా? లేదు. అందరూ అడిగింది ఒకటే. స్కోరెంత?

ఇది మనకి ఎంసెట్ రోజుల నుంచీ పట్టుకున్న జబ్బు. ర్యాంకు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం చూసి మన విలువ తెలుసుకోవడం అలవాటైపోయింది. పెళ్ళయి, పిల్లలు పుట్టి, జుట్టు నెరుస్తున్నా ఆ భయం వదల్లేదు.

ఇంతకీ ఆ పరీక్షలో ఏముంది? వెర్బల్, క్వాంట్ ఒక్కోదానికీ 130 నుంచి 170 దాకా మార్కులు. వ్యాసానికి 6. క్వాంట్ అంటే శాతాలు, జామెట్రీ, పట్టికలు... చాలావరకు హైస్కూలు లెక్కలే. 2023 సెప్టెంబర్ నుంచి మొత్తం పరీక్ష రెండు గంటల లోపే. ఆ రెండు గంటల్లో తొమ్మిదేళ్ళ పాఠాలు ఎలా తేలతాయి? మూగబోయిన పిల్లాడి పక్కన కూర్చుని మాట్లాడించిన ఓర్పు ఏ గడిలో పడుతుంది? పరీక్ష పెట్టే ఈటీఎస్ వాళ్ళే, స్కోరు ఒక్కటీ చూసి ఎవరినీ తిప్పి పంపవద్దని యూనివర్సిటీలకి చెబుతారు. వాళ్ళకున్న వివేకం మనకి లేకపోయింది!

"సరే, నువ్వనుకున్న మూడు చోట్లా స్కోరు ఎంత అడుగుతున్నారు?" అన్నాను. చూడలేదట! మంచి స్కోరు వచ్చాకే ఆ పేజీలు తెరవాలనుకుందట. ఫోన్ పెట్టకుండానే ఇద్దరం కూర్చుని చదివాం. రెండు చోట్ల జీఆర్ఈ అసలు అక్కర్లేదు. మూడోచోట ఇష్టమైతే పంపవచ్చు. 2020 తర్వాత చాలా ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్లు ఈ పరీక్షని తీసేశాయి. పిల్లలు పడుకున్నాక అర్ధరాత్రి దాకా మేలుకుని రెండేళ్ళు ఈవిడ లెక్కలు చేసింది, ఎవరూ అడగని స్కోరు కోసం!

"ఇన్నేళ్ళు ఇంట్లో ఉన్నదాన్ని అక్కా, స్కోరు తప్ప ఇంకేం చూపించగలను?" అంది. ఈ మాట దగ్గర నేనూ ఒక్క క్షణం ఆగిపోయాను. మనలో చాలామంది బాధ ఇదే కదా. ఉద్యోగం మానేసిన రోజు నుంచి మన దగ్గర రుజువులు లేవని మనమే నమ్మేస్తాం. కానీ వాళ్ళు అడిగేది చూడండి. ఏం పరిశోధించాలనుకుంటున్నారో వివరంగా రాయమంటారు. మన పని ఎరిగినవాళ్ళ సిఫార్సు ఉత్తరాలు అడుగుతారు. మన రాత చూస్తారు. మన ప్రశ్నకి దగ్గరగా పనిచేసే ప్రొఫెసర్ అక్కడ ఉన్నారా అని చూస్తారు. తొమ్మిదేళ్ళ తరగతి గది కంటే పెద్ద రుజువు ఇంకేం కావాలి?

స్కోరు దండగ అనడం లేదు నేను. ఇంకా తప్పనిసరిగా అడిగే చోట్లూ ఉన్నాయి. స్టాటిస్టిక్స్ ఎక్కువగా వాడే కోర్సుకైతే క్వాంట్ గట్టిగా ఉండడమే మేలు. అడిగితే రాద్దాం. తక్కువొస్తే మళ్ళీ రాద్దాం. ముందు అడిగారో లేదో చదువుదాం.

బెంగ పెట్టుకోవాలంటే అసలైనవి వేరే ఉన్నాయి. ఫీజు వాళ్ళు భరిస్తారా, స్టైపెండ్ ఇస్తారా? డిపెండెంట్ వీసా మీద అసిస్టెంట్‌షిప్ చెయ్యనిస్తారా, స్టూడెంట్ వీసాకి మారాలా? నాలుగైదేళ్ళు సాయంత్రం వంట ఎవరు చేస్తారు? 165 తెచ్చుకున్న మా మరిది ఈ చివరి లెక్క చేసిపెడితే చాలు.

రేపు మీ ఇంట్లో ఆడపిల్లో, కోడలో, తోడికోడలో చదువుకుంటానంటే స్కోరు సంగతి తర్వాత. "ఏం తెలుసుకోవాలని ఉందమ్మా నీకు?" అని ముందు అడగండి. మా తోడికోడలు ఆ రాత్రి ఆ ఒక్క ప్రశ్నకే గంటసేపు జవాబు చెప్పింది. అదే కాగితం మీద పెట్టమన్నాను. రాస్తోంది.