పదిహేను నిమిషాలు, ఐదు అక్షరాలు

ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే చిన్నపిల్లలు తెలుగు చదవలేకపోవడం మన బదిలీ కుటుంబాల్లో మామూలైపోయింది. "మాట వచ్చు కదా, చాల్లే" అని పెద్దలు సరిపెట్టుకుంటున్నారు. మా అభిప్రాయం వేరు. మాట వచ్చిన పిల్లలకు చదవడం నేర్పడం అంత కష్టమేమీ కాదు. రోజుకు పదిహేను నిమిషాలు, ఒక పద్ధతి, పక్కన కూర్చునే అక్కో అన్నో ఉంటే చాలు. ఆ అక్కలం, అన్నలం మనమే కావాలి.

భిలాయికి తెలుగువాళ్లు కొత్త కాదు. ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉక్కు పని కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. స్మృతి నగర్ వీధుల్లో సాయంత్రం నడిస్తే "ఒరేయ్, అన్నానికి రా!" అన్న పిలుపు ఇప్పటికీ వినిపిస్తుంది. బడిలో మాత్రం హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం ఉంటాయి. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. నాన్నకు దేశంలో ఏ మూలకు బదిలీ అయినా మన చదువు ఆగకుండా సాగుతున్నది ఆ ఏర్పాటు వల్లనే. అయితే తెలుగు చదవడం నేర్పే పని ఇంటి మీద పడింది.

ఇంట్లో ఏం చేస్తున్నాం? సెలవులకు ఊరు వెళ్లినప్పుడు అక్షరాల చార్టు ఒకటి కొనుక్కొస్తాం. గోడకు తగిలిస్తాం. పిల్లలు "క కా కి కీ" అని గుణింతం పాటలా పాడేస్తారు. మనం చప్పట్లు కొడతాం. మధ్యలో "కే" మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, మళ్లీ "క" దగ్గర నుంచి పాడుకుంటూ రావాల్సిందే. గుణింతం నోటికి వచ్చింది గాని కంటికి అందలేదు. చార్టు మొత్తం పూర్తయ్యాకే మాటలు చదవాలంటే, అంతదాకా ఏ పిల్లవాడికి ఓపిక ఉంటుంది?

అందుకే ఐదు అక్షరాలతో మొదలుపెట్టాలంటున్నాం. అ, ల, క, త, ప. ఈ ఐదూ వస్తే అల, కల, తల, అలక, పలక, కలప అనే ఆరు మాటలు చదవచ్చు. మొదటి వారంలోనే "నేను చదివాను" అన్న సంతోషం పిల్లలకు దక్కుతుంది. "అలక" చదివి, మూతి ముడిచి చూపించే పిల్లలకు ఆ మాటను ఇక గుర్తుచేయనక్కర్లేదు.

పాఠాన్ని ఇలా నడపవచ్చు. మొదటి మూడు నిమిషాలు పుస్తకం ముట్టుకోకూడదు. చెవికే పని. "పలక, పాలు, పిల్లి: ఈ మాటలన్నీ ఏ శబ్దంతో మొదలవుతున్నాయి?" అని అడగాలి. "మామిడి" అంటూ మూడుసార్లు, "అల" అంటూ రెండుసార్లు చప్పట్లు కొట్టించాలి. మాటలో అక్షరాలు విడివిడిగా ఉంటాయని ముందు చెవికి తెలియాలి. తరువాతి మూడు నిమిషాల్లో అట్టముక్క మీద రాసిన ఒక్క కొత్త అక్షరాన్ని, పాతవి రెండింటిని కలిపి చూపాలి. ఆ తరువాత ఐదు నిమిషాలు కలిపి చదవడం. "త" అట్టను, "ల" అట్టను దూరంగా పెట్టి, మెల్లగా దగ్గరికి జరుపుతూ "త... ల... తల" అనిపించాలి. మరో మూడు నిమిషాలు పలక మీద రెండు మాటలు రాయించాలి. చివరి నిమిషంలో కథల పుస్తకంలోంచి ఒక వాక్యం కింద వేలు పెట్టి మనమే చదివి వినిపించాలి. అక్కడితో ఆపేయాలి. ఇంకా కావాలని పిల్లలు అడుగుతున్నప్పుడే ఆపితే రేపు వాళ్లే పిలుస్తారు.

హిందీ బడిలో చదివే పిల్లలకు ఒకచోట తడబాటు వస్తుంది. ఆ సంగతి మనం ముందే తెలుసుకోవాలి. హిందీలో మాట చివరి "అ" సాధారణంగా పలకరు. అక్కడ క, ల అని రాసి "కల్" అంటారు. అంటే నిన్న లేదా రేపు. మనం అవే రెండు అక్షరాలను "కల" అని నిండుగా పలుకుతాం. ప, ల, క రాస్తే హిందీలో "పలక్", కంటి రెప్ప. మనకది రాసుకునే పలక. పిల్లవాడు "తల"ను "తల్" అని చదివితే అది మొద్దుతనం కాదు. ఒక భాష నియమాన్ని రెండో భాషకు వాడుతున్నాడంతే. కసురుకోకుండా "తెలుగులో చివరి అక్షరాన్ని మింగకూడదు" అని నవ్వుతూ చెప్పాలి.

ఇంకో చిక్కు ఎ, ఏలది. హిందీలో ఈ పొట్టి, పొడుగు తేడాకు వేరువేరు అక్షరాలు లేవు. అందుకని రెండో నెలలో "నెల, నేల", "కొన, కోన" వంటి జంటలు చదివించాలి. "కల, కళ" కూడా పక్కపక్కన పెట్టాలి. ఒక్క గుర్తు మారితే అర్థమే మారిపోతుందని అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

"రెండు లిపులు ఒకేసారి నేర్పితే గందరగోళపడరా?" అని కొందరు అమ్మానాన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే "క ఖ గ ఘ ఙ" వరస రెండు భాషల్లోనూ ఒకటే. ఎక్కువ శబ్దాలు పిల్లలకు ముందే తెలుసు, రూపాలే కొత్త. ఆంధ్ర నుంచి ఏడాది మధ్యలో వచ్చి హిందీ తరగతిలో బిక్కమొహం వేసుకుని కూర్చునే పిల్లలకూ ఇదే దారి పనికొస్తుంది. వాళ్లకు వచ్చిన తెలుగు అక్షరం పక్కన అదే శబ్దానికి హిందీ అక్షరం రాసి చూపిస్తే సగం భయం పోతుంది.

"మూడేళ్లలో ఇక్కడి నుంచి వెళ్లిపోతాం, ఇదంతా ఎందుకు?" అనేది రెండో ప్రశ్న. వెళ్లిపోతాం కాబట్టే అంటాం మేము. ఇల్లు, బడి, స్నేహితులు మారిపోతారు. నేర్చుకున్న అక్షరం మాత్రం సామానులో బరువు లేకుండా మన వెంటే వస్తుంది. బెంగళూరుకు బదిలీ అయితే కన్నడ బోర్డులు చదవడానికీ సాయపడుతుంది, ఎందుకంటే ఆ రెండు లిపులూ అక్కచెల్లెళ్లు. అంతకంటే ముఖ్యం, అమ్మమ్మ ఫోనులో పంపిన నాలుగు ముక్కలు ఎవరిచేతా చదివించుకోకుండా మనమే చదువుకోగలం.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి గారు (1863–1940) సవర పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. పిల్లవాడి నోట్లో ఉన్న భాషతోనే చదువు మొదలవ్వాలని ఆయన నమ్మకం. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు పద్యం అప్పజెప్పించడం మంచిదే. ఒక చిన్న తమ్ముడికి ఐదు అక్షరాలు నేర్పడం ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎంత ఓపికగా చెప్పినా, ఏ భాషలోనూ అక్షరాలు కుదురుకోని పిల్లలు కొందరుంటారు. వాళ్లను సోమరులనకూడదు. చూపు, వినికిడి పరీక్ష చేయించమని, తరగతి టీచర్‌తో మాట్లాడమని అమ్మానాన్నలకు చెప్పాలి. ఆ తరువాతి సాయం పెద్దల పని.

మిగతాది మన పని. పాత కాలెండరు అట్ట, కత్తెర, స్కెచ్ పెన్ను ఉంటే సరంజామా సిద్ధమైనట్టే. దుర్గ్ నుంచి విశాఖ వెళ్లే రైలు ఒడిశా దాటి పార్వతీపురం చేరగానే స్టేషన్ బోర్డు మీద తెలుగు కనిపిస్తుంది. వచ్చే సెలవుల్లోగా మన చిన్నవాళ్లలో ఒక్కరైనా కిటికీలోంచి ఆ పేరును కూడబలుక్కుని చదివేలా చేద్దాం. ఇవాళ సాయంత్రమే ఐదు అట్టముక్కలు కత్తిరిద్దాం.