సేవకు వచ్చువానికి అర్హత పత్రము అక్కరలేదా?

గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము హుగ్లీ నది ఒడ్డుననే ఉన్నది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి అచ్చట గుమాస్తాలుగా పనిచేసిన తెలుగువారికి ఆ నది ఇరుగుపొరుగు వంటిది. హౌరాలో రైలు దిగిన ప్రయాణికులలో అనేకులు నేటికిని వంతెన రద్దీ తప్పించుకొనుటకు ఫెర్రీ రేవునకే నడచుచున్నారు. 2024 మార్చి నుండి మెట్రో రైలు నది అడుగున నడచుచున్నను రేవులు ఖాళీ కాలేదు. ఇక తపాలా సోదరుల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మురిగంగపై వంతెన పూర్తియగు వరకు సాగర ద్వీపమునకు పోవలసిన ఉత్తరముల సంచి పడవ మీదనే పోవలెను. కావున నదీముఖమున, సముద్రతీరమున పడవల భద్రత మన సంఘములకు సంబంధించిన విషయము కాదని ఎవరైన అన్నచో మేము అంగీకరింపజాలము.

గడచిన కొన్ని సంవత్సరముల దుర్ఘటనలను ఒక్కమారు జ్ఞాపకము చేసికొందము. 2010 అక్టోబరు 30న ఘోరామారా ద్వీప సమీపమున యాత్రికులను క్రిక్కిరియ నెక్కించుకొన్న ట్రాలరు మునిగి పదుల కొలది మంది మరణించిరి. 2017 ఏప్రిల్ 26న హుగ్లీ జిల్లా తెలినిపాడా రేవులో వెదురు జెట్టీ పోటు తాకిడికి విరిగి మనుషులతో సహా నదిలో పడినది. అదే సంవత్సరము నవంబరు 12న విజయవాడ చేరువ కృష్ణలో విహారపు పడవ తిరగబడినది. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ మునిగినది. అందులో 77 మంది ఉండగా ప్రాణములతో బయటపడినవారు 26 మంది మాత్రమే.

ఈ చివరి దుర్ఘటన మీద కొంత నిలువవలసి ఉన్నది. ఆ 26 మందిని రక్షించినది ప్రభుత్వపు గస్తీ పడవ కాదు. ఒడ్డునున్న కచ్చులూరు గ్రామస్థులు తమ చిన్న పడవలతో వెళ్ళి వారిని లాగి ఒడ్డుకు చేర్చిరి. మునిగిన లాంచీని వెలికి తీయుటకు పెద్ద పెద్ద పరికరములతో వచ్చినవారు విఫలులు కాగా, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము లంగరులతో, ఇనుప తాళ్ళతో దానిని అక్టోబరు 22న బయటకు తెచ్చినది. నేర్పు ఎవరివద్ద ఉన్నదో దీనివలన తెలియుచున్నది. ఆ నేర్పును ముందుగా గుర్తించి, క్రమబద్ధము చేసి, దానికి పడవలు, రేడియో, భీమా సమకూర్చు ఏర్పాటు లేకపోయినదనియు దీనివలననే తెలియుచున్నది.

పశ్చిమ బెంగాల్‌లో 2017 తరువాత రేవులలో 'జలసాథీ' అను పేర మనుషులను నిలిపి, ఎక్కు దిగువారిని అదుపు చేయుటకు, లైఫ్ జాకెట్లు ఇప్పించుటకు ఏర్పాటు చేసినారు. కేంద్రమున జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో 'ఆపద మిత్ర' పథకము ప్రారంభించి, 2021 నుండి 350 జిల్లాలలో లక్ష మంది స్వచ్ఛంద సేవకులను తయారు చేయుటకు పూనుకొన్నది. శిక్షణ పండ్రెండు దినములు. మంచిదే. కాని ఆ పండ్రెండు దినములలోనే వరద, అగ్ని, భూకంపము, ప్రథమ చికిత్స అన్నియు రావలెను. అందులో పడవ వంతు ఎంత యుండునో పాఠకులే ఊహింపవచ్చును. ఆ కొద్దిపాటి పరిచయముతో ఒక యువకుని గంగాసాగర్ మేళానాడు మురిగంగలో గస్తీకి పంపుట అతనికిని, అతడు రక్షింపబోవు వానికిని కూడ అన్యాయమే.

హుగ్లీ సామాన్యమైన నీరు కాదు. సాండ్‌హెడ్స్ నుండి కోల్‌కతా వరకు 200 కిలోమీటర్లకు పైబడిన ఈ మార్గమున ఇసుక మేటలు నిత్యము స్థానము మార్చుచుండును. అందుచేతనే మహానౌకలను నడిపిన కెప్టెన్లు సైతము ఇచ్చట నది పైలటును ఎక్కించుకొనక ముందుకు కదలరు. పోటు వేళ 'బాన్' అను నీటిగోడ ఎదురు వచ్చునప్పుడు రేవులకు కట్టిన చిన్న పడవలు తాళ్ళు తెంచుకొనును. ఆటు వేళ కచుబేరియా దారిలో మేట బయటపడి ఫెర్రీలు గంటల కొలది నిలిచిపోవును. ఈ నీటిని ఎరిగిన వాని ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలెనే గాని పుస్తకమునుండి నేర్చుకొనుట అసాధ్యము.

రైల్వే కార్మికునికి ఈ మాట క్రొత్త కాదు. లోకో పైలటు (మనము ఇంకను డ్రైవరనియే పిలుచుచున్నాము) ఎంత అనుభవశాలి యైనను, ఒక సెక్షనులో బండి నడుపుటకు ముందు ఆ దారిని నేర్చుకొని, నేర్చుకొంటినని సంతకము చేయవలెను. మూడు నెలలకు పైగా ఆ సెక్షనుకు దూరమైనచో మరల నేర్చుకొనవలెను. కాంపిటెన్సీ సర్టిఫికెట్టు లేనివానికి పాయింట్ల పని ఇచ్చిన అధికారిని మనము ప్రశ్నించుచున్నాము. రైలునకు ఇంత జాగ్రత్త అవసరమైనప్పుడు, పట్టాలే లేని నీటిపై తిరుగు పడవకు అంతకు మించిన జాగ్రత్త అవసరము కాదా? మన వర్కుషాపులలోని 'ఖలాసీ' అను మాటయు పడవ మీదినుండి వచ్చినదే. ఖలాసీ యనగా మొదట పడవ పనివాడే.

ఇతర దేశములలో ఈ పని ఎట్లు జరుగుచున్నదో చూతము. బ్రిటనులో 1824లో స్థాపింపబడిన రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ సంస్థ పడవలపై పనిచేయువారిలో అత్యధికులు స్వచ్ఛంద సేవకులే. బడిపంతులు, వడ్రంగి, అంగడివాడు పిలుపు రాగానే తమ పని వదలి రేవునకు పరుగెత్తుదురు. అయినను వారి శిక్షణ తూతూ మంత్రము కాదు. పూల్ పట్టణమున వారికి ప్రత్యేకముగా ఒక కళాశాలయే కలదు. అమెరికాలో 1939లో ఏర్పడిన కోస్ట్ గార్డ్ సహాయక దళములో సేవకుడు మొదట సిబ్బందిగాను, పిమ్మట పడవ నడుపువానిగాను వేరువేరు మెట్లు ఎక్కవలెను. ఒక్కొక్క పనిని అనుభవజ్ఞుని ఎదుట చేసి చూపి సంతకము పొందవలెను. చివరకు వేరొక పరీక్షకుడు నీటిమీద పరీక్షించును. ఏటేటా కొంత పని చేయనిచో అర్హత నిలువదు. అలసట విషయమున సైతము పడవపై ఉండు గంటలకు పరిమితి కలదు. రన్నింగ్ స్టాఫు పని గంటల కొరకు ఇన్నేండ్లుగా పోరాడుచున్న మనకు దాని విలువ తెలియును.

ఆ పనులు ఎట్టివి? ఒక్కటి మాత్రము చెప్పెదము. మనిషి నీటిలో పడినప్పుడు చూచినవాడు వెంటనే కేక వేసి, వ్రేలు చాచి అతనినే చూపుచు నిలువవలెను. ఆ చూపు ఒక క్షణము మరలినను అలలలో తల కనబడదు. పడవ నడుపువాడు ప్రవాహమునకు ఎదురుగా మెల్లగా చేరి, మనిషి దగ్గరపడగానే మర ఆపవలెను. లేనిచో రక్షింపవచ్చిన పడవ రెక్కలే అతనిని చీల్చును. ఇది చదువుటకు అర నిమిషము పట్టును. చీకటిలో, వానలో, భయమున అరచుచున్న జనము నడుమ తప్పు లేక చేయుటకు నెలల అభ్యాసము కావలెను. పడవను పడవ లాగుట, చీకటిలో వెదకుట, రేడియోలో క్లుప్తముగా మాటలాడుట ఇట్టివే.

"మా తండేలుకు, మా సరంగుకు సర్టిఫికెట్టు ఎందుకు? వాడు నీటిలో పుట్టినవాడు" అని కొందరందురు. నిజమే, వాని నేర్పు ముందు పరీక్షకుడే విద్యార్థి కావచ్చును. కాని సొంత వల వేయుట వేరు, ఇతరుల ప్రాణముల బాధ్యత వహించుట వేరు. పైగా అర్హత పత్రము వానికి భారము కాదు, హక్కు. అది లేని కారణముననే ప్రమాదము జరిగినప్పుడు నష్టపరిహారము ఇచ్చునప్పటికి వానిని "ఎవరు పంపిరి?" అని అడుగుచున్నారు. 1917 నాటి చట్టము స్థానమున వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము పడవ నడుపువారి అర్హత పత్రములను గూర్చి చెప్పుచున్నది. జీతమునకు నడుపువానికి వర్తించు నియమము సేవకు నడుపువానికి వర్తింపదనుట ఏమి న్యాయము?

ఇప్పుడు మన సోదరులలోనే వినబడుచున్న మరియొక ఆక్షేపణకు వత్తము. స్వచ్ఛంద సేవయను పేర ఖాళీ పోస్టులు నింపకుండ ఊరక పని చేయించుకొందురని, కాబట్టి సంఘములు దీనికి దూరముగా ఉండవలెనని వారి వాదము. ఈ భయము నిరాధారము కాదు. రోజు కూలికి పిలిచి, పండుగ ముగియగానే పంపివేయబడు 'సేవకులను' మనము చూచుచునే ఉన్నాము. కాని దూరముగా ఉండుట దీనికి మందు కాదు. శిక్షణ లేని చవుక మనిషిని పోస్టులో నిలుపుట సులభము. కచ్చితమైన అర్హత, పరీక్ష, పని గంటల పరిమితి పెట్టినచో అతడు చవుకగా దొరకడు. కాబట్టి అర్హతను డిమాండు చేయుటయే ఉద్యోగ రక్షణకును మార్గమని మా అభిప్రాయము. నిత్యపు గస్తీ కోస్ట్ గార్డుది, తీర పోలీసులది. అందు పూర్తికాలపు ఉద్యోగులే ఉండవలెను. మేళా, తుఫాను, వరద సమయములలో వారికి తోడుగా నిలుచుట వరకే సేవకుని పని.

మన సభ్యులు ఇందులో పాల్గొనుటకు తలుపు మూసి లేదు. 1968 నాటి పౌర రక్షణ చట్టము క్రింద దళములు కలవు. 2009లో సవరణ జరిగిన పిమ్మట విపత్తు సమయములందును వాటిని వినియోగింపవచ్చును. రైల్వేలకు తమ సొంత పౌర రక్షణ విభాగము కలదు. సెంట్ జాన్ అంబులెన్సు ప్రథమ చికిత్స పరీక్షలు మన వారెందరో ఇచ్చియున్నారు. హోంగార్డులు, పౌర రక్షణ సేవలో ఉన్న కేంద్ర ఉద్యోగులకు ప్రత్యేక ఆకస్మిక సెలవు ఇచ్చు పద్ధతియు చిరకాలముగా ఉన్నదే. పడవ శిక్షణకును, ఏటేటా జరుగు మరుపరీక్షకును అదే సెలవు వర్తింపవలెనని మేము కోరుచున్నాము. శిక్షణ కాలమునకును, గస్తీ కాలమునకును భీమా, గాయపడినచో విధి నిర్వహణలో గాయపడినట్లే వైద్యము, ఇంధనమునకు సేవకుని జేబు తడుమకుండుట, ఇవి మన ప్రతినిధులు వ్రాతపూర్వకముగా తీసికొనవలసిన హామీలు. వాగ్దానములతో తృప్తిపడరాదు.

మకర సంక్రాంతికి లక్షల యాత్రికులు లాట్ నంబరు 8 రేవులో వరుస కట్టుదురు. ఆలోగా ఖరగ్‌పూరు, గార్డెన్ రీచ్, హౌరా శాఖలు, అట్లే కాకినాడ, విశాఖపట్నము, మచిలీపట్నముల తపాలా శాఖలు తమ సభ్యులలో ఈత వచ్చినవారెందరు, ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు గలవారెందరు, పడవ నడపిన కుటుంబములనుండి వచ్చినవారెందరో లెక్క తీసి ఫెడరేషను కార్యాలయమునకు పంపగోరుచున్నాము. ఆ జాబితా చేతికి వచ్చిన పిమ్మటనే శిక్షణ స్థలము, పరీక్షకులు, సెలవుల విషయమై బోర్డుతోను, రాష్ట్ర ప్రభుత్వములతోను మాటలాడుట సాధ్యమగును.