రెండోసారి గెలిచినవారు అందరివారేనా?

మొదటిసారి గెలిచిన నాయకుడు గాలివాటున గెలిచి ఉండవచ్చు. రెండోసారి ప్రజలు పాలన చూసి ఓటు వేస్తారు. కాబట్టి మొదటి విడతలో ఎవరు మిగిలిపోయారో చూసుకోవలసిన బాధ్యత ఆ నాయకుడి మీద పడుతుంది. 2018 డిసెంబరులో తెలంగాణ రాష్ట్ర సమితి 119 స్థానాల్లో 88 గెలిచి, కె. చంద్రశేఖరరావు మళ్ళీ ముఖ్యమంత్రి అయినప్పుడు మనలో చాలామందిమి ఇలాగే ఆశపడ్డాం.

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. ఫ్లోరైడ్ నీళ్ళతో తరాల తరబడి ఎముకలు వంగిన నల్లగొండ పల్లెలకు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వచ్చాయి. బిందెలు మోసేది స్త్రీలే కనుక తగ్గిన బరువూ వారిదే. ఆ నల్లా, ఇంట్లో భూమి ఎవరి పేరున ఉందని అడగలేదు.

2018లోనే వచ్చిన రైతుబంధు మాత్రం అడిగింది. పంటకు ఎకరానికి 4,000 రూపాయలు, మళ్ళీ గెలిచాక 5,000. పట్టాదారు పాస్‌బుక్కు ఉంటే ఎన్ని ఎకరాలకైనా ఇచ్చారు. కౌలుకు చేసేవారికి ఒక్క రూపాయి లేదు. పాలమూరులో మగవాళ్ళు వలసపోతే విత్తనం నుంచి కోత దాకా సేద్యం చేసేది ఆడవాళ్ళు. భూమి మామ పేరునో, భర్త పేరునో ఉంటుంది. పొదుపు సంఘంలో అప్పు మాత్రం ఆమె పేరున ఉంటుంది. రైతుబీమా 5 లక్షలూ పట్టాదారు చనిపోతేనే. కౌలు రైతు చనిపోతే అతని భార్య ఆ లెక్కలోకే రాదు. ఆమె పౌరురాలు కాదా?

2014 నుంచి 2018 దాకా మంత్రివర్గంలో ఒక్క స్త్రీ కూడా లేదు. రెండో విజయం తర్వాత, 2019 ఫిబ్రవరి విస్తరణలోనూ లేదు. 2019 సెప్టెంబరులో గానీ సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ మంత్రులు కాలేదు. పథకాలు రూపొందేచోట స్త్రీలు లేకపోవడానికీ, పథకాల్లో స్త్రీ రైతు కనబడకపోవడానికీ సంబంధం లేదని అనుకోలేం.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2025 జనవరిలో పథకం రైతు భరోసాగా పేరు మార్చుకుంది. భూమిలేని ఉపాధి కూలీ కుటుంబాలకు వేరుగా సాయం ప్రకటించడం ఒక అడుగు. కానీ రైతు భరోసా సొమ్ము ఇప్పటికీ పాస్‌బుక్కు వెంటే నడుస్తోంది. అంటే సమస్య ఒక నాయకుడి మంచిచెడులది కాదు. రైతు అంటే పట్టా ఉన్న మగవాడే అనే పితృస్వామ్య భావనది.

నాయకుడు అందరివాడు కావాలని ఆశించడం తప్పు కాదు. ఆ ఆశను అర్జీగా, లెక్కగా మార్చడం మన పని. ప్రతి ఊరిలో ఎవరు సేద్యం చేస్తున్నారు, ఎవరి పేరున సొమ్ము పడుతోంది అనే రెండు జాబితాలు పక్కపక్కన రాసి గ్రామసభ ముందు పెడదాం. రేపు ఎవరు మళ్ళీ గెలిచినా మన మొదటి ప్రశ్న ఆ జాబితాల మధ్య తేడా గురించే కావాలి.