మీదే జిల్లా మేడమ్?

ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయిని పక్కసీటు ఆవిడ పేరు తర్వాత అడిగేది 'మీదే ఊరు?' అనే. దాని వెనకాలే ఇంటిపేరు ఆరా కూడా వస్తుందనుకోండి! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో సర్కారు కొలువు చేసేవాళ్లకి మాత్రం ఈ ఊరి ప్రశ్న ఉత్త కబుర్ల కోసం కాదు.

2016 అక్టోబరు దాకా ఈ మూడూ నల్గొండ జిల్లావే. అప్పుడు జిల్లా మూడు ముక్కలైంది. సూర్యాపేట, కోదాడ ఒకవైపు వెళ్లాయి, మిర్యాలగూడ నల్గొండలోనే ఉండిపోయింది. ఉద్యోగులకు ఆ గీత అసలు దెబ్బ 2021 డిసెంబరులో, 317 జీవోతో తగిలింది. పాత జిల్లా సిబ్బందిని సీనియారిటీ లెక్కన కొత్త జిల్లాలకు పంచారు. సొంతూరు ఏదన్నది లెక్కలోకి రాలేదు. కోరుకున్న జిల్లా దక్కని జూనియర్లు మిగిలినచోటికి కదిలారు. భార్య ఒక జిల్లా, భర్త ఇంకో జిల్లా అయిన టీచర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని హైదరాబాద్ వెళ్లి మొరపెట్టుకున్నారు. 2024లో మంత్రివర్గ ఉపసంఘం వేశారు. భార్యాభర్తల కేసులు కొన్ని తేలాయి, అన్నీ కాదు.

సీనియారిటీ తప్పు కొలత అని నేననను. కానీ స్టాఫ్‌రూమ్‌లో ఏమవుతుంది? వచ్చినావిడ 'బయటి జిల్లా' మనిషి. ఆవిడ వల్ల మా ఖాళీ పోయిందని ఒకరు, ప్రమోషన్ లిస్టులో మాకంటే ముందుందని ఇంకొకరు. టిఫిన్ డబ్బాలు మాత్రం కలిసే తెరుస్తారు!

ఆడవాళ్లకి ఇందులో ఇంకో మెలిక ఉంది. నేరుగా చేసే నియామకాల్లో 95 శాతం స్థానికులకే. ఎవరు స్థానికులన్నది ప్రధానంగా ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుస్తారు. పెళ్లితో అది మారదు. ఆధార్‌లో అత్తగారి ఊరు, రేషన్ కార్డులో అత్తగారి ఊరు, ఉద్యోగానికి మాత్రం పుట్టింటి బడి! ఏడో తరగతి దాకా జగ్గయ్యపేటలో చదివి కోదాడకి కోడలైన పిల్ల, ఇరవై ఏళ్లు కాపురం చేసినా ఆ లెక్కలో నాన్‌లోకలే. మధ్యలో ఉన్నది కాసేపటి బస్సు ప్రయాణం.

అదే మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బీహార్ నుంచి వచ్చినవాళ్లు బస్తాలు మోస్తుంటే స్థానికత సర్టిఫికెట్ అడిగేవాళ్లెవరూ లేరు. మోత పనికి ఆ పట్టింపు ఎందుకుండదో!

అమ్మాయిల బదిలీ సర్టిఫికెట్లు, బోనఫైడ్లు అల్మరాలో ఏ చీర మడతలోనో పెట్టి మర్చిపోతుంటాం. ఒకటి నుంచి ఏడు దాకా ఏ ఏడాది కాగితం లేదో ఈ సెలవుల్లోనే చూసుకోండి. చదివిన బడి మూతపడితే మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. నోటిఫికేషన్ పడ్డాక తిరగాలంటే రోజులు చాలవు.