ఫణిగిరి నాణేలు దొరికాయి సరే, వాటి లెక్క ఎవరి దగ్గర?

2024 మార్చి చివర్లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండ మీద తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. లోపల 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు బొమ్మ, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని, ఒక్కోటి సగటున 2.3 గ్రాములు తూగుతుందని రాష్ట్ర వారసత్వ శాఖ ప్రకటించింది. పేపర్లలో ఫోటోలు వచ్చాయి.

అయితే సగటు అనేది కిరాణా కొట్టు లెక్కల్లోనే పెద్దగా ఏమీ చెప్పదు. ఏ రోజు ఎంత అమ్మకం జరిగిందో చూస్తేనే వ్యాపారం ఎటు పోతోందో తెలుస్తుంది. నాణేల సంగతీ అంతే. ప్రతి నాణెం బరువు, కొలత, రెండువైపులా ఫోటో ఉంటే ఎన్ని అచ్చులతో ముద్రించారు, బరువు తగ్గుతూ వచ్చిందా, రాజు ఖజానా ఇబ్బందుల్లో పడిందా అని అడగొచ్చు. 3,730 వరుసల ఎక్సెల్ షీట్ అంటే ఈరోజుల్లో పెద్ద ఫైలేం కాదు. ఫోన్‌లో కూడా తెరుచుకుంటుంది. దాన్ని ఎవరైనా చూసేలా పెట్టాలా వద్దా అన్నదే ఇప్పుడు పురావస్తు రంగంలో ప్రపంచమంతా జరుగుతున్న చర్చ.

ఈ రంగంలో డేటాకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఒక స్థలాన్ని ఒక్కసారే తవ్వగలరు. పొర తీశాక మళ్లీ పెట్టలేరు. ఆ తర్వాత మిగిలేది డైరీ, నక్షా, ఫోటోలు, కొలతలు మాత్రమే. అవి బీరువాలో ఉండిపోతే ఆ స్థలం రెండోసారి పోయినట్టే.

దీనికి సాక్ష్యం మనకు దగ్గర్లోనే ఉంది. నాగార్జునసాగర్ డ్యామ్ కడుతున్నప్పుడు లోయ మునిగిపోతుందని తెలిసి, కేంద్ర పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండను తవ్వింది. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించారు. మిగతాది నీళ్ల కింద ఉంది. ఆ తవ్వకాల పూర్తి నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. ఇక్ష్వాకుల కాలంతో సహా చారిత్రక యుగం గురించి చెప్పే రెండో సంపుటం 2006లో వచ్చింది. అంటే తవ్వకం ఆగిన 46 ఏళ్లకు! అదే సాగర్ నీళ్లలో మునిగిన ఏలేశ్వరం కథ వేరు. అక్కడ తవ్వించిన రాష్ట్ర పురావస్తు శాఖ అధికారి మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ 1963లోనే పుస్తకం అచ్చు వేయించారు. రెండు పనుల సైజు ఒకటి కాదు, నిజమే. కానీ ఊరు మునిగాక చదివేవాడికి ఆ పుస్తకమే ఊరు.

ఇది పాత రోజుల మాట అనుకోవడానికి వీల్లేదు. తమిళనాడులోని కీళడి తవ్వకాలపై అమర్‌నాథ్ రామకృష్ణ 2023 జనవరిలో ఇచ్చిన నివేదికను, మార్పులు చేయాలంటూ కేంద్ర శాఖ 2025 మేలో తిప్పి పంపింది. దాంతో రాజకీయ గొడవ మొదలైంది. కొలతలు, ఫోటోలు ముందే అందరి ముందూ ఉండి ఉంటే ఆ వాదన నాయకుల మధ్య కాకుండా చరిత్రకారుల మధ్య జరిగేది.

డేటా పంచుకుంటే ఏం ఒరుగుతుందో కూడా ఫణిగిరే చెబుతుంది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి గురించి ఒకప్పుడు గురజాల శాసనమే ఆధారం. అందులో ఆయన 4వ పాలనా సంవత్సరం ఉంది. ఫణిగిరిలో దొరికిన స్తంభ శాసనం 18వ సంవత్సరానిది. రాజవైద్యుడు ధర్మచక్రం నిలిపించిన విషయం అందులో ఉంది. ఒక్క శాసనంతో ఆయన పాలన అంత పొడవు పెరిగింది. ఆ శాసనాన్ని ఇవాళ ఇంట్లో కూర్చుని చదవొచ్చు. ఎందుకంటే ఫ్రాన్స్, జర్మనీ పండితులు కొందరు కలిసి ఆంధ్రదేశపు తొలి శాసనాలను వందల సంఖ్యలో, పాఠంతో సహా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. మన జిల్లా రాయిని చదవాలంటే వాళ్ల సైట్‌కి వెళ్లాల్సి రావడం కాస్త సిగ్గుపడాల్సిన విషయమే.

మునగాలకు ఈ ఆలోచన కొత్త కాదు. మునగాల జమీందారు దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు, చరిత్ర మామూలు మనిషికి అందాలని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో పుస్తకాలు వేయించారు. 1923లో ఆయన పోయాక ఆయన పేరుతో నడిచిన పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చు వేసింది. కంప్యూటర్ లేని రోజుల్లో ఓపెన్ డేటా అంటే అదే కదా.

ముస్లిం కుటుంబాలకు ఇందులో సొంత పని కూడా ఉంది. 1914లో మొదలైన నిజాం పురావస్తు శాఖకు తొలి అధిపతి గులాం యజ్దానీ. ‘ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా’ పత్రికకు ఆయన ఏళ్ల తరబడి సంపాదకత్వం వహించి, మస్జిద్‌లు, దర్గాలు, కోటల మీది అరబీ, ఫార్సీ శాసనాలను ఫోటోలతో, అనువాదంతో ప్రచురించారు. ఇప్పుడు సున్నం కొట్టో, టైల్స్ వేసో మన కమిటీలే కప్పేస్తున్న కతబాలకు, ఎక్కడైనా కాపీ మిగిలిందంటే అది ఇలాంటి పేజీల్లోనే. మరమ్మతుకు ముందు నాలుగు ఫోటోలు తీసి, ఊరు పేరు, తేదీ రాసి ఉంచడానికి పైసా ఖర్చు కాదు.

అభ్యంతరాలు లేకపోలేదు. ఎండలో తవ్వినవాడికి పేరు రాకముందే ఇంకొకరు వ్యాసం రాసుకుంటారన్న భయం న్యాయమైనదే. దానికి ఏడాదో రెండేళ్లో గడువు ఇవ్వొచ్చు. డేటాను వాడుకున్నవాళ్లు తవ్వినవారి పేరు తప్పక చెప్పాలన్న షరతు పెట్టొచ్చు. బ్రిటన్‌లోని యార్క్‌లో 1996 నుంచి నడుస్తున్న పురావస్తు డేటా కేంద్రం తవ్వకాల ఫైళ్లను భద్రపరిచి ఉచితంగా ఇస్తోంది. దానివల్ల అక్కడ పరిశోధకులు పనిలేకుండా ఏమీ పోలేదు.

అసలు భయం గుప్తనిధుల ముఠాలతోనే. పాత గుడి, పాత దర్గా, పాత కోట ఏదైనా సరే, రాత్రికి రాత్రి గొయ్యి తవ్వేవాళ్లు మన దగ్గర ఉన్నారు. ఇంకా తవ్వని చోట్ల జీపీఎస్ గుర్తులు బయట పెట్టడమంటే వాళ్లకు దారి చూపించడమే. కాబట్టి అవి దాచాల్సిందే. ఫణిగిరి నాణేలకు మాత్రం ఆ సాకు వర్తించదు. అవి ఇప్పటికే భూమిలోంచి బయటికి వచ్చాయి, ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ప్రజల డబ్బుతో తయారైన డేటా, రహస్యం కానంతవరకు, ప్రజలకు అందాలని కేంద్రం 2012లోనే జాతీయ విధానం తెచ్చింది. ఆ 3,730 వరుసలను దాని ప్రకారమే పెట్టొచ్చు.