నాబ్‌కు పరుగు నేర్పొద్దు

కంప్యూటర్‌లో విమానం నడిపేవాళ్ళ మధ్య ఒక మాట సిద్ధాంతంలా స్థిరపడిపోయింది. కంట్రోలర్ మీది నాబ్‌ను మెల్లగా తిప్పితే అంకె ఒకటొకటిగా మారాలి, గబగబా తిప్పితే పదేసి గంతులేయాలి. దీని పేరు యాక్సిలరేషన్. అది లేకపోతే మోటు సెట్టింగ్ అని ఒక చిన్నచూపు కూడా ఉంది. తొందర ఉన్నవాడికి తొందరగా, లేనివాడికి నిదానంగా అంటే వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నాబ్ ఏ అవసరం కోసం పుట్టిందో చూస్తే, ఈ సౌకర్యం ఆ అవసరాన్నే దెబ్బతీస్తోందని తేలుతుంది. ఎంత వేగంగా తిప్పినా ఒక క్లిక్కుకు ఒకే అంకె మారాలి. సరైన సెట్టింగ్ ఇదేనని నా వాదన.

కంట్రోలర్లలో నాబ్‌గా ఎక్కువగా వాడే రోటరీ ఎన్‌కోడర్‌కు మొదలూ చివరా ఉండవు. ఎంతసేపైనా తిరుగుతుంది. చుట్టుకు 20 లేదా 24 చోట్ల వేలికి చిన్నగా తట్టి ఆగుతుంది. ఆ తట్టు అలంకారం కాదు. కళ్ళు వేరే పనిలో ఉన్నప్పుడు ఎంత తిప్పామో వేళ్ళు లెక్కపెట్టుకోవడానికే అది ఉంది. చీకట్లో మెట్లు దిగేవాడు ఇలాగే లెక్కపెట్టుకుంటూ దిగుతాడు. మధ్యలో ఒక్క మెట్టు ఎత్తు మారినా కాలు బెణుకుతుంది. యాక్సిలరేషన్ పెట్టిన నాబ్‌లో ప్రతి మెట్టూ అలాంటిదే. ఏడు క్లిక్కులు తిప్పినవాడికి ఏడు మారిందో నలభై మారిందో తెరకేసి చూస్తే గానీ తెలియదు. చూసి తెలుసుకోవాల్సిందే అయితే మౌస్ చక్రం చాలదా? డబ్బు పోసి నాబ్ కొనడం దేనికి?

దీన్ని ఒక నిజమైన దారి మీద పరీక్షిద్దాం. ఒడిశాలో కోరాపుట్ జిల్లాలోని జయపురానికి టికెట్టు కొని విమానంలో వెళ్ళే వీలు 2022 చివర్లో వచ్చింది. ఆ దారిలో వచ్చింది 9 సీట్ల సెస్నా కారవాన్. ఆ కుటుంబానికే చెందిన గ్రాండ్ కారవాన్ ఈఎక్స్ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020తో పాటే వస్తుంది. కాబట్టి భువనేశ్వర్ నుంచి రాయగడ మీదుగా జయపురం చేరే దారిని ఇంట్లో కూర్చుని ఎగరవచ్చు. వానాకాలంలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి పీడనం 999 హెక్టోపాస్కల్‌లకు దిగిందనుకోండి. ఎత్తు చూపే ఆల్టిమీటర్ మాత్రం ప్రామాణికమైన 1013 దగ్గరే ఉంది. ఒక్కో హెక్టోపాస్కల్‌కు సుమారు 27 అడుగుల లెక్కన విమానం దాదాపు 380 అడుగులు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు చూపిస్తుంది. 1,672 మీటర్ల దేవమాలి ఉన్న జిల్లాలో, చుట్టూ కొండలున్న చోట దిగుతున్నప్పుడు ఇది చిన్న తేడా కాదు. దిద్దుబాటుకు ఎడమవైపు 14 క్లిక్కులు తిప్పితే సరి, సగం చుట్టు దాటి కాస్త. చూపు రన్‌వే మీదే ఉంచి ఆ పని పూర్తి చేయవచ్చు. అదే యాక్సిలరేషన్ ఉంటే అంకె 990 దాటిపోతుంది, వెనక్కి తెస్తే మళ్ళీ పైకి పోతుంది. మిగిల్చిందనుకున్న సమయాన్ని ఆ వెతుకులాట తినేస్తుంది.

అవతలివాళ్ళ చేతిలో ఉన్న గట్టి ఆధారం దిశ మార్చే హెడింగ్ నాబ్. భువనేశ్వర్‌లో 14వ రన్‌వే నుంచి లేస్తే ముక్కు 140 డిగ్రీల వైపు ఉంటుంది. జయపురం దిశ సుమారు 246. అంటే 106 క్లిక్కులు, నాలుగు చుట్లకు పైగా. విసుగే, కాదనను. అయితే విమానాలు తయారుచేసేవాళ్ళు ఈ విసుగును ఎప్పుడో ఎరుగుదురు. దానికి వాళ్ళు కనిపెట్టిన మందు వేరు. ఎయిర్‌బస్ ఏ320లో ఎత్తు నాబ్ చుట్టూ 100, 1000 అని ఎంచుకునే వలయం ఉంటుంది. గార్మిన్ జీ1000లో ఎత్తుకు ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు నాబ్‌లుంటాయి. పెద్దది వేలు మారుస్తుంది, చిన్నది వందలు. ఏ అంగ వేయాలో మనిషి ముందే నిర్ణయించుకుంటాడు, యంత్రం అతని తొందరను ఊహించదు. మన ఎన్‌కోడర్‌లో నొక్కితే పనిచేసే బటన్ సాధారణంగా ఉంటుంది. ఒకసారి నొక్కితే క్లిక్కుకు పది, మళ్ళీ నొక్కితే ఒకటి అని దానికి అప్పగిస్తే పది క్లిక్కులూ, ఆపైన ఆరు. 106 కాస్తా 16 అయింది, లెక్క మాత్రం చెయ్యి దాటిపోలేదు.

ఇంకో అభ్యంతరం: ఒక క్లిక్కుకు ఒకటి అని పెడితే కొన్ని క్లిక్కులు ఎగిరిపోతున్నాయి, యాక్సిలరేషన్ ఆ లోటు పూడుస్తోంది అని. లోటు నిజమే, పూడ్చే తీరు తప్పు. చాలా కంట్రోలర్లు ప్రతి క్లిక్కునూ ఒక బటన్ నొక్కి వదిలినట్టుగా కంప్యూటర్‌కు పంపుతాయి. ఆ నొక్కుడు 20 మిల్లీసెకన్లే ఉండి, సెకనుకు 30 ఫ్రేముల వేగంతో నడుస్తున్న సిమ్యులేటర్ ఫ్రేముకొకసారి, అంటే 33 మిల్లీసెకన్లకొకసారి బటన్ల వైపు చూస్తుంటే, కొన్ని క్లిక్కులు రెండు చూపుల మధ్య జారిపోతాయి. నొక్కుడును 40 మిల్లీసెకన్లకు పెంచితే ఆ రోగం కుదురుతుంది. మరికొన్ని ఎన్‌కోడర్లలో లోపలి రెండు కాంటాక్టులూ ఒక్కో క్లిక్కుకు నాలుగు స్థితులు మారతాయి, కొన్నింటిలో రెండే. ఆ లెక్కను కంట్రోలర్‌కు తప్పుగా చెబితే ఒక క్లిక్కుకు రెండు అంకెలు మారడమో, రెండు క్లిక్కులకు ఒకటి మారడమో జరుగుతుంది. వీటిని సరిచేయకుండా పైన వేగం పూస్తే తప్పు పోదు, కనపడకుండా పోతుంది. పైగా కంట్రోలర్ ఒకసారి, మధ్యలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఒకసారి వేగం పెంచితే ఏ గంతు ఎవరిదో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఇదంతా ఆటే కదా, ఇంత పట్టింపెందుకని చివరి మాట అంటారు. ఆటే. అయితే కీబోర్డుతో సరిపోయే ఆటకు నాబ్ కొన్నవాడు కోరుకున్నది విమానంలో చెయ్యి చేసే పనినే. ఆ పనిని ఇచ్చే సెట్టింగే వాడికి కావాలి. యాక్సిలరేషన్‌ను పూర్తిగా వెలివేయమని కూడా అనడం లేదు. మ్యాప్‌ను దగ్గరికి లాగడానికి, శబ్దం తగ్గించడానికి అది బాగుంటుంది, అక్కడ అంకెతో పని లేదు కనుక. ఎత్తు, దిశ, పీడనం, రేడియో ఫ్రీక్వెన్సీ ఈ నాలుగింటికీ మాత్రం దాన్ని ఆపేసి, ఒకసారి తెర చూడకుండా పది క్లిక్కులు తిప్పి, తర్వాత అంకె చూడండి. సరిగ్గా పదే మారి ఉంటే మీ నాబ్ సిద్ధమైనట్టే.